చెవులమ్మ తవుడు బుట్ట

కుట్టుమిషన్ల కంపెనీలో మూడో అంతస్తు చివరి గదిలో కూర్చునే ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆఫీసంతా చెవులమ్మ అనే అంటుంది. చెవులు పెద్దవని కాదు. నిజానికి చిన్నవే, జుట్టు కిందికి పోతే వెతుక్కోవాల్సిందే. ఆమె ఉద్యోగమే వినడం. కొంగ గుర్తు మిషను గురించి లోకంలో ఎవరు ఎక్కడ ఏమన్నా ఆమెకి తెలియాలి, తెలిసింది సాయంత్రంలోగా పై అంతస్తుకి చేరాలి.

మొదట్లో అది ఉత్తరాలు చదివే పని. సంచులకొద్దీ వచ్చేవి. తర్వాత జనం కోపమొచ్చినా ప్రేమొచ్చినా ఫోనులో రాసి పదిమందికి చూపించుకోవడం మరిగారు. కంపెనీ ఒక సాఫ్ట్‌వేర్ కొన్నది. సోషల్ మీడియాలో ఎవరు కొంగ గుర్తు పేరెత్తినా అది పట్టి తెచ్చి ఆమె తెర మీద పోస్తుంది. దాని అసలు పేరు పలకాలంటే నాలుక మూడు మెలికలు తిరగాలి. అందుకని అందరూ జల్లెడ అని సరిపెట్టుకున్నారు.

ఆ జల్లెడలో పడని వింత లేదు. సూది విరిగిందని ఒకరు, పెడలు కిందికి ఎలుక దూరిందని ఒకరు. ఒకాయనైతే తన మిషను ఎవరూ ముట్టకుండా దానంతటదే కుడుతోందని, పొద్దున లేచి చూస్తే కప్పుకున్న దుప్పటికి జేబు కుట్టేసి ఉందని రాశాడు. చెవులమ్మ దానికీ ఓపిగ్గా జవాబిచ్చింది. "జేబులో ఏమైనా పెట్టిందేమో చూశారా అండీ?"

ఏది పట్టాలో ఏది వదలాలో జల్లెడకి మనమే నియమాలు రాసి పెట్టాలి. అది వచ్చిన మొదటి వారంలోనే చెవులమ్మకి చిరాకెత్తిపోయింది. పాత మిషన్లు అమ్ముకునేవాళ్ళ ప్రకటనలు రోజుకి వందల్లో వచ్చి పడేవి. వాటి మధ్య అసలు ఫిర్యాదు కనపడేది కాదు. దాంతో ఒక నియమం రాసింది. "అమ్మకానికి" అన్న మాటున్న పోస్టులు నాకు చూపించకు. అలా ఆపినవాటిని సాఫ్ట్‌వేర్ చెరిపేయదు, పక్కన ఒక చోట పోగేస్తుంది. దానికి తవుడు బుట్ట అని పేరు పెట్టింది కూడా ఆమే. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి ఆ బుట్టలోకి తొంగి చూడలేదు. తవుడులో ఏం వెతుకుతారు ఎవరైనా?

అదే వారం ఇంకో నియమం కూడా రాసింది. అది కంపెనీ కోసం కాదు. కొంగ గుర్తు అన్న మాట, కీచురాయి అన్న మాట ఒకే పోస్టులో కలిసి కనిపిస్తే వెంటనే తనకి చెప్పమంది. ఎవరికీ అనుమానం రాకుండా దానికి "కీటకాలు" అని శీర్షిక తగిలించింది.

చెవులమ్మ పుట్టుకతో చెవులమ్మ కాదు మరి. చిన్నప్పుడు మనిషంతా నోరే. కీచురాయి అని పేరు పెట్టింది అన్నయ్య. "నువ్వు పుట్టగానే ఏడవలేదే. మంత్రసానిని పట్టుకుని, నీ పేరేంటి, ఇంతాలస్యమేంటి అని నిలదీశావు" అనేవాడు. అబద్ధమాడితే కళ్ళార్పకుండా ఆడేవాడు. అమ్మ పొద్దస్తమానం కొంగ గుర్తు మిషను తొక్కి ఇద్దరినీ పెంచింది. తండ్రి ముఖం ఇద్దరికీ గుర్తులేదు. మిషను పక్కన కూర్చుని చెల్లెలు గుక్కతిప్పుకోకుండా వాగుతుంటే, "అంత నాలుకాడిస్తే మిషను దారమనుకుని లాగేసుకుంటుంది చూడు" అని అన్నయ్య భయపెట్టేవాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని, వేళ్ళ సందుల్లోంచి మాట్లాడేది.

ఒకరోజు ఆ మిషను చెక్క మీద వేడి ఇస్త్రీపెట్టె పెట్టి మరిచిపోయింది. ఎడమ పక్క నల్లగా పడవ ఆకారంలో మచ్చ పడింది. అమ్మ అడిగితే అన్నయ్య పెట్టాడంది. దెబ్బలు అన్నయ్యకి పడ్డాయి.

అమ్మ పోయిన మూడో నెలలో అన్నయ్యకి దూరపు ఊళ్ళో టైలరు షాపులో పని దొరికింది. సొంత మిషను ఉంటేనే రమ్మన్నారు.

"అది అమ్మది. గడప దాటనివ్వను" అంది చెల్లెలు.

"ఇంట్లో పెట్టుకుని ఏం చేస్తావే, ముఖం చూసుకుంటావా? నీకు సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

"రాకపోతే రానీ. నువ్వు దాన్ని బండెక్కిస్తే నీతో మాట్లాడను. చచ్చినా మాట్లాడను."

"నువ్వా? మాట్లాడకుండానా?" అని నవ్వాడు. ఆ నవ్వుతోనే అంతా చెడింది.

మూడో రోజు పొద్దున తోపుడుబండి తెచ్చి మిషను ఎక్కించాడు. ఎక్కించి, కదలకుండా గుమ్మం ముందే నిలబడ్డాడు. "కీచురాయీ, ఒక్క మాట అనవే. తిట్టయినా సరే. దించి లోపల పెట్టేస్తాను, ఉండిపోతాను" అన్నాడు.

ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. పెదవి కదపలేదు. బండి చక్రం వీధి మలుపు దాకా కిర్రుమంటూనే పోయింది.

తర్వాత ఆమెకి పెళ్ళయింది, ఊరు మారింది. మాటకారి పిల్లేమోనని భయపడ్డ పెళ్ళికొడుకు, నెమ్మదస్తురాలు దొరికిందని పదిమందికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందో అతనికి తెలియదు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పుట్టింటి వీధి మొత్తం పడగొట్టారు. అన్నయ్య ఏ ఊళ్ళో, ఏ షాపులో చేరాడో అడగనే లేదు కదా, ఉత్తరం రాయడానికి చిరునామా లేదు. పని వెతుక్కుంటూ తిరిగే రోజుల్లో ఒక బోర్డు మీద కొంగ బొమ్మ కనిపించింది. ఎవరినీ ఏమీ అడక్కుండా లోపలికి నడిచింది. అలా చేరిన ఉద్యోగమే ఇది.

ఆమె లెక్క ఒక్కటే. అన్నయ్య నోరు ఊరుకునేది కాదు. ఆ మిషను గురించి ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో ఒకచోట గొప్పలు చెప్పుకుంటాడు. గొప్పలు చెప్తూ చెల్లెలి పేరెత్తకుండా ఉండలేడు. ఆ రోజు జల్లెడ పట్టుకుంటుంది. ఎనిమిదేళ్ళుగా పొద్దున కుర్చీలో కూర్చోగానే ముందు తెరిచేది "కీటకాలు". ఎనిమిదేళ్ళుగా అక్కడ సున్నా. ఆ సున్నాని కాసేపు చూసి, ముఖం తుడుచుకుని, మిగతా పనిలో పడేది.

ఒక సోమవారం మేనేజరు కొత్త కబురు మోసుకొచ్చాడు. రామాయణమంత సంగతైనా అరపేజీలో కావాలంటాడని ఆయన్ని అరపేజీ సారు అంటారు. "జల్లెడకి ఏఐని తగిలిస్తున్నామమ్మా. మనం మామూలుగా మాట్లాడినట్టు అడిగితే చాలు, మొత్తం చదివి చెప్పేస్తుందట. నియమాలన్నీ ఒకసారి సర్దించాలి. పనికిరానివి తీసేద్దాం."

చెవులమ్మకి వెంటనే కీటకాల శీర్షిక గుర్తొచ్చింది. కంపెనీ సొమ్ముతో నడిచే జల్లెడలో సొంత నియమం. ఎనిమిదేళ్ళలో ఒక్క గింజ పట్టని నియమం. పనికిరానివంటే ముందు పోయేది అదే. అది పోతే అన్నయ్య వైపు తెరిచి ఉన్న ఆ ఒక్క కిటికీ మూసుకుపోయినట్టే. వాళ్ళ కంట పడేలోగా తనే తీసేస్తే పరువైనా దక్కుతుందని ఆ సాయంత్రం దాని మీద మౌసు పెట్టింది. వేలు నొక్కలేదు.

మర్నాడు ఇంజనీరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి, కలం మూత కొరుకుతూ పని చేస్తుంది, కంప్యూటర్లని పెంపుడు దూడల్లా పలకరిస్తుంది. "పలకవేంట్రా? కీ ఇచ్చాగా, తీసుకో మరి" అంటూ జల్లెడనీ ఏఐనీ కలిపే తతంగం మొదలుపెట్టింది. ఒక్కో శీర్షికకీ అనుమతి ఇవ్వాలా వద్దా అని అడుగుతుంటే చెవులమ్మ పక్కన కూర్చుని చెప్పాలి.

"మిషన్ల కంపెనీకి కీటకాలెందుకక్కా?"

"బట్టల్లో పురుగులు పడతాయి కదమ్మా."

ఇంజనీరమ్మ కలం మూత నోట్లోంచి తీసి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఏమనుకుందో ఏమో, టిక్కు పెట్టేసింది. "చదవడానికి మాత్రమే ఇస్తున్నా. చెరపడం దాని చేతిలో ఉండదు. తీసేయాలంటే మనుషులే తీసేయాలి. మరి ఈ తవుడు బుట్ట?"

"అందులో ఏముంటుంది? అమ్మకాల చెత్త. వదిలేయండి."

"చదవనిద్దాం అక్కా. దాని కళ్ళేమన్నా అరిగిపోతాయా?" అని దానికీ టిక్కు పెట్టింది.

మధ్యాహ్నానికి పనైపోయింది. అరపేజీ సారు కుర్చీ లాక్కుని మధ్యలో కూర్చున్నాడు. "మొదటి ప్రశ్న నేనే అడుగుతా" అని రెండు వేళ్ళతో టైపు చేశాడు. మొదలుపెట్టిన నాటి నుంచి ఒక్కటీ పట్టని నియమాలేవి? తీసేయదగ్గవి చెప్పు.

నాలుగు వరుసల్లో జవాబొచ్చింది. సారు పైకి చదివాడు. "కీటకాలు అనే శీర్షిక కింద ఎనిమిదేళ్ళలో ఏమీ రాలేదు. కంపెనీ పనితో దీనికి సంబంధం కనిపించడం లేదు." ఆగి, చెవులమ్మ వైపు చూశాడు. "ఏంటమ్మా ఇది? తీసేద్దామా?"

ఆమె చీర కొంగు గుప్పిట్లో బిగించింది.

"ఉండండి సార్, ఇంకా ఉంది" అంది ఇంజనీరమ్మ. మిగతాది తనే చదివింది. "అయితే తీసేసే ముందు ఒక విషయం చూడండి. ఈ నియమానికి సరిపోయే పోస్టులు పద్నాలుగు వచ్చాయి. వాటిలో అమ్మకానికి అన్న మాట ఉండటం వల్ల ఇంకో నియమం వాటిని ఇన్‌బాక్స్‌కి రానివ్వలేదు. అన్నీ ఒకరు రాసినవే. ఐదేళ్ళ కిందట మొదలై, నెలకొకటి చొప్పున వచ్చాయి. చూపించమంటారా?"

"చూపించు" అంది చెవులమ్మ. పక్కగదిలో వాళ్ళు కూడా తలెత్తి చూశారు. ఆ గొంతు అంత పెద్దదని ఆఫీసులో ఎవరికీ తెలియదు.

మొదటిది తెర మీదికి వచ్చింది.

"అమ్మకానికి. కొంగ గుర్తు కుట్టుమిషను, కాలితో తొక్కేది. మా అమ్మ తొక్కింది, తర్వాత నేను తొక్కాను. చెక్క మీద ఎడమ పక్క ఇస్త్రీపెట్టె మచ్చ ఉంది. అది పెట్టింది నేను కాదు, కీచురాయి. ఇప్పటికీ ఒప్పుకోదు. కావలసినవారు వచ్చి చూసుకోవచ్చు."

కింద షాపు ఫోను నంబరు, మిషను ఫొటో. నల్ల పడవ మచ్చ స్పష్టంగా ఉంది.

తర్వాతివి ఒక్కొక్కటే తెరిచారు. నెల నెలకీ ఒక మాట మారేది. ఒకదాంట్లో, ఈ మిషను ముప్పై పెళ్ళికూతుళ్ళకి జాకెట్లు కుట్టిందని, అందులో ఒక్కరు కూడా అత్తగారితో పోట్లాడలేదని కోశాడు. ఒకదాంట్లో, కొనడానికి వచ్చేవాళ్ళు కాసేపు కూర్చుని కబుర్లు చెప్పాలి, లేకపోతే చూపించనని షరతు పెట్టాడు. పన్నెండో దానికి వచ్చేసరికి షరతులు పోయాయి. పద్నాలుగోది పొట్టిగా ఉంది.

"అమ్మకానికి. అదే కొంగ గుర్తు మిషను. చూపు ఆనడం లేదు, సూదిలో దారం షాపామె ఎక్కించి పెడుతోంది. ధర అడగొద్దు. కీచురాయి వస్తే ఊరికే పట్టుకుపోవచ్చు. మచ్చ నేనే పెట్టానని ఒప్పేసుకుంటాను."

దాని మీద తేదీ మూడేళ్ళ పైమాటే.

అరపేజీ సారు అలవాటుగా "అయితే సారాంశం..." అని మొదలుపెట్టి, చెవులమ్మ ముఖం చూసి నోరు మూసుకున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అది శుభ్రంగానే ఉంది.

"మీరేనా అక్కా?" అంది ఇంజనీరమ్మ మెల్లగా.

చెవులమ్మ తలూపింది. "వాటిని ఆపిన అమ్మకాల నియమం రాసింది కూడా నేనే" అంది.

అక్కడే, వాళ్ళ ఎదుటే ఆ నంబరుకి ఫోను చేసింది. అవతల ఒక ఆడమనిషి ఎత్తింది. ఆమె మాట్లాడుతున్నంతసేపు చెవులమ్మ వింటూ కూర్చుంది. ఉద్యోగంలో ఎప్పుడూ చేసే పనే. చివరికి "ఎప్పుడు పోయాడు?" అని ఒక్కమాట అడిగి, "మూడేళ్ళయిందా" అని తనే అనుకుని, ఫోను పెట్టేసింది.

అరపేజీ సారు కీటకాల శీర్షికని ముట్టుకోలేదు. ఎన్ని రోజులని అడక్కుండా సెలవు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాడు. పోయేముందు చెవులమ్మ తన కుర్చీలో కూర్చుని అమ్మకాల నియమం తీసేసింది. ఐదు నిమిషాల్లో తెర నిండిపోయింది. ఎవరో మిషను అమ్ముతున్నారు, ఇంకెవరో అమ్ముతున్నారు. ఇవి కంపెనీకి పనికొచ్చేలా లేవు, వీటిని వదిలేసి మిగతావి చెప్పమంటారా అని ఏఐ అడిగింది. "వద్దు. చదువుతాను" అని టైపు చేసి, లేచింది.

మర్నాడు పొద్దున బస్సెక్కింది. ఐదు గంటల ప్రయాణం. షాపు ఒక ఇరుకు సందులో మెట్ల కింద ఉంది. లోపల ఒకామె మెడలో టేపు వేసుకుని గుడ్డ కత్తిరిస్తోంది. మూలన, పాత దుప్పటి కప్పి, మిషను.

"నిన్న ఫోను చేసింది మీరేనా?" అంది షాపామె, కత్తెర ఆపకుండా.

చెవులమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసి, తలూపింది.

"ఏమీ అనుకోకండి. చెల్లెల్నని చెప్పుకుని మీకన్నా ముందు ఇద్దరొచ్చారు. ఊరికే ఇస్తానని రాశాడుగా మహానుభావుడు. అందుకే నాకు గుర్తు చెప్పి మరీ పోయాడు." కత్తెర బల్ల మీద పెట్టింది. "మా చెల్లెలొస్తే ముందు మాట లోపలికొస్తుంది, ఆ తర్వాత మనిషొస్తుంది, ఆపడం నీ తరం కాదు అన్నాడు. మీరేమో..."

చెవులమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంత దూరం వచ్చాక కూడా, తను తనే అని చెప్పుకోవడానికి కావలసింది ఆ ఒక్కటే. అదే తన దగ్గర లేదు.

"వెతకలేదనుకోకండి" అంది షాపామె, కాస్త గొంతు తగ్గించి. "రెండుసార్లు మీ వీధికి వెళ్ళొచ్చాడు. అక్కడ వీధే లేదంట, రోడ్డుందంట. ఆ తర్వాతే ఈ ప్రకటనల పిచ్చి పట్టుకుంది. మా కీచురాయి నా మీద కోపంతోనైనా ఈ మిషను కోసం వెతుకుతుంది, అమ్మకాలే చూస్తుంది, ఇంకెక్కడ చూస్తుంది అనేవాడు. కొనడానికి ఎవరొచ్చినా ఆ బల్ల మీద కూర్చోబెట్టి, మాట్లాడమనేవాడు. కళ్ళు మూసుకుని వినేవాడు. విని, కాదు, అమ్మను అని పంపేసేవాడు. నా బేరాలన్నీ పాడు చేశాడనుకోండి."

చెవులమ్మ మూలకి నడిచి దుప్పటి తీసింది. ఎడమ పక్క మచ్చ మీద వేళ్ళు పెట్టింది. చెక్క అక్కడ నున్నగా అరిగి ఉంది, చాలా ఏళ్ళుగా ఎవరో ఆ చోట చెయ్యి ఆనించుకుని పని చేసినట్టు.

"ఈ మచ్చ నేనే పెట్టాను" అంది.

"ఏంటీ?"

"నేనే పెట్టాను. ఇస్త్రీపెట్టె పెట్టి వీధిలో కోతి వచ్చిందంటే చూడ్డానికి పరిగెత్తాను. వచ్చేసరికి పొగ. అమ్మ అడిగితే అన్నయ్య మీద చెప్పాను. స్కేలుతో కొట్టింది, విరిగేదాకా కొట్టింది. వాడు నా వైపు చూస్తూ దెబ్బలు తిన్నాడే గానీ నోరు విప్పలేదు. సాయంత్రం అడిగాను, ఎందుకు చెప్పలేదురా అని. స్కేలు విరిగిపోయిందిగా, రేపటి నుంచి మనిద్దరికీ దెబ్బలుండవు అన్నాడు. అన్నీ అలాగే చెప్తాడు, మీకు తెలుసుగా, నేను పుట్టగానే మంత్రసానిని పేరడిగానని మీకూ చెప్పే ఉంటాడు..."

"చెప్పాడు" అంది షాపామె.

చెవులమ్మకి అది వినపడలేదు. అమ్మ గురించి చెప్పింది, కోతి గురించి చెప్పింది, పడగొట్టిన వీధిలో ఏ ఇంటి పక్కన ఏ ఇల్లుండేదో చెప్పింది. జల్లెడ గురించి, దుప్పటికి జేబు కుట్టిన మిషను గురించి, ఎనిమిదేళ్ళ సున్నా గురించి చెప్పింది. మొగుడికి చెప్పనివి, ఎవరికీ చెప్పనివి చెప్పింది. మధ్యలో ఎవరో చొక్కా కొలతలకి వచ్చారు. షాపామె రేపు రమ్మని చేత్తోనే సైగ చేసి పంపేసింది.

"నమ్మాను తల్లీ, నమ్మాను. నువ్వే. ఇంక ఆపు, కాసిని మంచినీళ్ళు తాగు" అంది.

ఆమె ఆగలేదు. షాపామె గ్లాసు పక్కన పెట్టి, తనూ స్టూలు లాక్కుని కూర్చుంది. చెవులమ్మ చెప్పుకుంటూ చెప్పుకుంటూ తోపుడుబండి గుమ్మం ముందుకొచ్చిన పొద్దుటి దాకా వచ్చింది. ఒక్క మాట అనవే, ఉండిపోతాను అన్నాడని చెప్పింది. అక్కడ ఆగిపోయింది.

షాపామె నీళ్ళ గ్లాసు మళ్ళీ అందించింది. "అప్పుడు నువ్వేమన్నావమ్మా?"

చెవులమ్మ చక్రం మీద చెయ్యి వేసింది. ఎవరో నూనె పెడుతూనే ఉన్నారు, తేలిగ్గా తిరిగింది. సూది కిందికి దిగింది, కింద గుడ్డేమీ లేదు, మళ్ళీ పైకి వచ్చింది.